రక్తం చూశాక మోకాలెందుకు?

బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టొద్దని మన పెద్దలు ఏనాడో చెప్పారు. పొగడకొండ దేవస్థానం వారు పెద్దల మాట జవదాటే రకం కాదు. రోజూ వందల బోడిగుండ్లు తయారయ్యే కొండ మీద ఉండి కూడా వాటి జోలికి పోలేదు. రక్తంలో ఉండే కొవ్వుకీ మోకాలికీ ముడి పెట్టారు. ఆ ముడి అబద్ధమే అయితే నాలుగు రోజుల్లో ఊడిపోయేది. అందులో కొంత నిజం ఉండబట్టే వచ్చింది చిక్కంతా.

ఆ చిక్కులో పడ్డవాడు తవుడు. వేణుగోపాలస్వామి పల్లకీకి ఎడమవైపు ముందు బోయీ. వాళ్ళ నాన్న అదే దండె కింద భుజం పెట్టాడు, తాతా అదే దండె కింద పెట్టాడు. పల్లకీకి బోయీలను కుదర్చడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ముందు ఇద్దరికీ భుజాలు ఒకే ఎత్తు ఉండాలి, వెనక ఇద్దరికీ ఒకే ఎత్తు ఉండాలి, నడక కలవాలి. పెళ్ళి సంబంధానికి కూడా అంత చూడరు. తవుడికి జోడీ దాలయ్య. ఇద్దరూ పక్కపక్కన నిలబడి భుజాల మీద పలక పెడితే దాని మీద నీళ్ళ చెంబు తొణికేది కాదు.

అలాంటి తవుడికి రెండేళ్ళుగా ఎడమ మోకాలు సహకరించడం లేదు. గుడి నుంచి విశ్రాంతి మండపం దాకా వీధంతా దిగుడు, తిరిగి వచ్చేటప్పుడు అంతా ఎగుడు. ఇంటికొచ్చేసరికి మోకాలు నక్కదోసకాయంత వాచేది. పెళ్ళాం పోలమ్మ వావిలాకు వేడి చేసి కట్టు కట్టేది. ఆ మధ్య చెప్పుల స్టాండు చూసే ముసలాయన రిటైరయ్యాడు. ఆ కుర్చీ ఖాళీ అయిన దగ్గర్నుంచీ తవుడికి కలలో కూడా కుర్చీయే. కూర్చుని చెప్పులు తీసుకోవడం, కూర్చుని చెప్పులు ఇవ్వడం. ఇంతకంటే మోక్షం ఏముంటుందని ఒకరోజు ధైర్యం చేసి కార్యనిర్వహణాధికారి గదిలోకి వెళ్ళాడు.

ఆ అధికారి పేరు వేమకోటి సదాశివరావు గారు. అంతకుముందు మత్స్యశాఖలో పనిచేసి, చేపలకు మోకాళ్ళుండవు కనక, ఈ విషయంలో ఏ పక్షపాతమూ లేకుండా వచ్చినవారు.

"బాబూ, ఎడం మోకాలు పోనాది. దిగినప్పుడు ఒకలాగ, ఎక్కినప్పుడు ఇంకోలాగ పొడుస్తాంది. సెప్పుల స్టాండు కాడ కుర్సీ కాళీగా ఉంది. నన్నక్కడ కూకోబెట్టండి బాబూ," అన్నాడు తవుడు.

"నీ మోకాలి పట్ల దేవస్థానానికి పూర్తి సానుభూతి కలదు," అన్నారు సదాశివరావు గారు. "అయితే మోకాలు పోవడానికి పల్లకీయే కారణమని నీ మాటల్లో ధ్వనిస్తోంది."

"ధ్వనించడం నాకు రాదు బాబూ. నొప్పని సెప్తన్నాను, అంతే."

"ధ్వనిస్తోంది. దేవుణ్ణి మోస్తే మోకాళ్ళు పోతాయనే అపప్రథ బయటికి పొక్కితే సంస్థ ప్రతిష్ఠ ఏం కావాలి? దీన్ని శాస్త్రీయంగా తేల్చవలసి ఉన్నది. అంతవరకు నీ భుజం యథాస్థానంలో కొనసాగుతుంది."

అదే వారంలో అన్నదానం హాల్లో 'ఆధ్యాత్మికత – ఆధునిక విజ్ఞానం' అని సభ జరిగింది. జనం రాకపోతే బాగుండదని బోయీలను, వంటవాళ్ళను, క్షురకులను వెనక కుర్చీల్లో కూర్చోబెట్టారు. యూనివర్సిటీ నుంచి అవంతి అనే డాక్టరమ్మ వచ్చి మాట్లాడింది. పాపం, ఆవిడ చక్కగానే చెప్పింది. తవుడికి కూడా సగం అర్థమయింది.

"మన రక్తంలో కొవ్వులు ఒక్క రకం కాదు, వందల రకాలు," అంది ఆవిడ. "ఎవరిలో ఏ రకం ఎంత ఉంటుందన్నది కొంతవరకు పుట్టుకతో వచ్చే జన్యువుల చేతిలో ఉంటుంది. రోగాల మీద పోరాడే కణాలు రక్తంలో కాపలా తిరుగుతుంటాయి కదా, కొన్ని కొవ్వులు వాటిని రెచ్చగొట్టవచ్చు, కొన్ని చల్లబరచవచ్చు. రెచ్చిపోయిన కణాలు కీళ్ళలో మంట రేపితే మోకాలు అరిగే ప్రమాదం పెరుగుతుంది. జన్యువులు మనకు పుట్టకముందే పంచేసి ఉంటాయి కనక, ఏది కారణం, ఏది కాదు అని వెతకడానికి మేం వాటిని ఆధారం చేసుకుంటాం. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. ఇది లక్షలమందిని కలిపి చూస్తే సగటున కనిపించే సంగతి. ఒకే ఒక్క మనిషి మోకాలు ఏమవుతుందో ఇది చెప్పదు. ఒక్క మోకాలు చూసి సిద్ధాంతం చేయకూడదు, సిద్ధాంతం చూసి ఒక్క మోకాలికి జాతకం చెప్పకూడదు. వయసుంది, ఒంటి బరువుంది, మోసే బరువుంది."

సదాశివరావు గారు వందన సమర్పణకు లేచారు. "మోకాలి తలరాత పుట్టుకలోనే రాసి ఉంటుందని డాక్టరు గారు నిస్సందేహంగా నిరూపించారు. అనగా, పుట్టిన తర్వాత జరిగేవన్నీ, పల్లకీ మోయడంతో సహా, కేవలం కాకతాళీయములు!"

డాక్టరమ్మ కంగారుగా చెయ్యెత్తింది. ఎత్తిన చేతిలో ప్రసాదం పొట్లం పెట్టి, శాలువా కప్పి, సన్నాయి అందుకున్నారు.

తర్వాతి ఏకాదశికి, ఎలాగూ అందరూ పరగడుపునే ఉంటారు కదా అని, దేవస్థానం సిబ్బంది అందరికీ రక్తం తీయించారు. గొట్టాలు పట్నం వెళ్ళాయి, ఫలితాలు తిరిగొచ్చాయి. వాటిని చూసి సదాశివరావు గారు సిబ్బందిని మూడు తరగతులుగా విభజించారు: ఉత్తమ రక్తం, మధ్యమ రక్తం, అధమ రక్తం. ఇకపై పల్లకీ సేవకు ఉత్తమ రక్తం వారిని మాత్రమే నియమించాలని ఉత్తర్వు వెలువడింది. ఆ ఉత్తమ రక్తంలో ప్రథమ స్థానం ఎవరికొచ్చిందంటే తవుడికి. మోకాలికి హాని చేసే కొవ్వులు వాడి ఒంట్లో వెతికినా లేవట. మేలు చేసేవి గంపెడున్నాయట.

సత్కారం పెట్టారు. వేదికకు మూడే మెట్లు. తవుడు ఒక మెట్టెక్కి ఆగిపోయాడు. ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని పైకి లేపారు.

"ఆనందంతో కాళ్ళు ఆడటం లేదు," అన్నారు సదాశివరావు గారు మైకులో.

ముఖ్య అతిథిగా పిలిచిన అవంతి గారు తవుడి నడక చూసి లేచి నిలబడింది. "ఈయన మోకాలు ఎవరైనా చూశారా?"

"రక్తం చూశాక మోకాలెందుకు?" అన్నారు సదాశివరావు గారు.

"వాచిపోయి కనిపిస్తోందండీ! ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది."

"అది ఒక్క మోకాలు డాక్టరు గారూ. ఒక్క మోకాలు చూసి సిద్ధాంతం చేయకూడదని తమరే సెలవిచ్చారు. మినిట్స్‌లో ఉంది."

తన మాటే తన మీదకి తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ అప్పుడే కొండ దిగిపోయింది. ఆవిడ మళ్ళీ కొండెక్కలేదు.

అధమ రక్తంలో ప్రథముడు దాలయ్య. వాడి మోకాళ్ళు రోకలిబండలు. నిండు పల్లకీతో వీధి ఎక్కి వచ్చి, ఆయాసం కూడా లేకుండా బీడీ అడిగే మనిషి. "నాకేటీ నొప్పి నేదు బాబూ, సూడండి!" అని సదాశివరావు గారి ముందు గుంజీళ్ళు తీసి చూపించాడు.

"నొప్పి లేకపోవడం ఈ వ్యాధిలో తొలి లక్షణం," అన్నారాయన జాలిగా. దాలయ్య రెండు మోకాళ్ళకీ పట్టీలు బిగించి, మెట్లెక్కరాదని ఆంక్ష పెట్టి, కూర్చుని చేసే పని ఇచ్చారు. ఆ పని చెప్పుల స్టాండు.

తవుడికి కడుపు మండిపోయింది. ఏ కుర్చీ కోసం తాను ఏడుకొండలవాడికి కూడా మొక్కుకున్నాడో ఆ కుర్చీలో కూర్చుని దాలయ్య ఏడుస్తున్నాడు.

"నాకేటి కర్మరా ఇది! ఎవుడి సెప్పులో ముట్టుకుంటా కూకోమంటన్నారు. నా జోడీ నువ్వు కాదేటిరా? నువ్వెళ్ళి సెప్పు."

"సెప్పినాను. ఇద్దరం మార్సుకుంటావని కూడా అన్నాను," అన్నాడు తవుడు. "కుర్సీలు మార్సొచ్చు గానీ రక్తాలు మార్సడం రూల్సులో నేదంట."

కొత్త పల్లకీ జట్టు తయారయింది. రక్తం ర్యాంకు ప్రకారం మొదటి ఇద్దరూ ఎడమవైపు, తర్వాతి ఇద్దరూ కుడివైపు అని ఆఫీసు తేల్చింది. ఎడమవైపు ముందు తవుడు, వెనక పులిహోర వంటవాడు గుంపస్వామి. గుంపస్వామి నిలబడినా కూర్చున్నా ఒకే ఎత్తు. కుడివైపు ముందు అకౌంట్సు గుమాస్తా, వెనక సెక్యూరిటీ గార్డు. ఇద్దరూ గుమ్మం కనిపిస్తే తల వంచుకోవడం అలవాటైనవాళ్ళు. భుజాల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, గుర్తు చేసేవాడు చెప్పుల దగ్గరున్నాడు.

మొదటిరోజు పల్లకీ లేవగానే స్వామి ఎడమవైపుకి ఒరిగిపోయాడు. అర్చకులు పరాంకుశాచార్యులు గారు కెవ్వుమని కేకేసి, పరుగెత్తి చేత్తో పట్టుకున్నారు. వీధి పొడుగునా అలా పట్టుకునే నడిచారు. మర్నాడు స్వామిని పట్టువస్త్రంతో పల్లకీకి కట్టారు. అప్పుడు స్వామి నిటారుగానే ఉన్నాడు గానీ పల్లకీతో కలిసి ఒరిగాడు.

"అయ్యా, ఎత్తు కలిసిన బోయీలను పెట్టించండి," అన్నారు ఆచార్యులు గారు చేతులు జోడించి.

"ఎత్తు అనేది బాహ్యమైన విషయం స్వామీ. మన ఎంపిక ఆంతరంగికం," అన్నారు సదాశివరావు గారు. "లోపం బోయీల్లో ఉండటానికి ఆస్కారం లేదు. రిపోర్టులున్నాయి. ఇక మిగిలింది వీధి."

లోపం వీధిలో ఉందని ఇంజనీర్లతో కమిటీ వేశారు. కమిటీ వారు కొలతలు తీసుకుని, వీధి కుడి ఎడమలు రెండూ ఒకే ఎత్తులో ఉండటం వల్లే ఒరుగుతున్నదని కనిపెట్టారు. ఎడమ సగాన్ని జానెడు ఎత్తు లేపి సిమెంటు వేశారు. స్వామి దిగేటప్పుడు సమంగా కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మండపం దగ్గర పల్లకీ తిప్పగానే పొట్టివాళ్ళు పల్లపు సగంలోకి, పొడుగువాళ్ళు ఎత్తు సగంలోకి వచ్చారు. స్వామి ఇంచుమించు పడుకున్నాడు.

దానికీ ఉపాయం దొరికింది. పల్లకీని తిప్పకుండా అలాగే వెనక్కి నడిపించమన్నారు. వెళ్ళేటప్పుడు ముఖదర్శనం చేసుకున్నవారికి వచ్చేటప్పుడు మళ్ళీ ముఖదర్శనమే అవుతుంది కనక దీనికి 'పునర్దర్శన సేవ' అని పేరు పెట్టారు. స్వామికి బాగానే ఉంది. బోయీలు మాత్రం ఎగుడులో వెనక్కి వెనక్కి నడవాలి. ఎక్కేటప్పుడు బరువంతా పల్లం వైపున్నవాడి మీదకి వస్తుంది. పల్లకీ తిరగలేదు కనక ముందు బోయీయే పల్లం వైపున్నవాడు, అంటే తవుడు.

మూడో రోజు, కొబ్బరికాయల దుకాణాల మలుపులో, తవుడి ఎడమ మోకాలు మడత పడిపోయింది. దండె భుజం మీద ఉంచుకునే కుప్పకూలబోయి, పళ్ళు బిగించి, మళ్ళీ లేచాడు. ఆ క్షణంలో పల్లకీ ముందుకు వంగింది. స్వామి ముఖం, తలపాగాతో సహా, రోడ్డు పక్కన నిలబడ్డ ఒక ముసలమ్మ వైపు ఇంత కిందకి వచ్చి లేచింది.

"ఓలమ్మో! సామి నాకు తలొంచినాడు!" అని ముసలమ్మ పెద్దపెట్టున ఏడ్చింది. జనం గోవింద కొట్టారు. తవుడి అరుపు ఆ గోవిందలో కలిసిపోయింది.

మర్నాటికల్లా ఆ మలుపులో జనం ఇసకేస్తే రాలలేదు. మోకాలు మళ్ళీ అక్కడే మడత పడింది. అంతవరకు దిగిన దూరం, ఎక్కిన దూరం కలిపి అది భరించగలిగింది సరిగ్గా ఆ మలుపు దాకానే. ఇంకో వారానికి 'వినమ్ర దర్శన సేవ' అనే బోర్డు లేచింది, టికెట్లు పెట్టారు, ముందు వరసకు తోపులాట మొదలైంది.

తవుడు కుంటుకుంటూ మళ్ళీ అధికారి గదిలోకి వెళ్ళాడు. ఈసారి తప్పకుండా వింటారనుకున్నాడు. ఊరంతా చూసిన మోకాలు ఆయన చూడకుండా ఉంటారా?

"బాబూ, తమరూ సూసినారు కదా. నిలబడతా నిలబడతానే మడతడిపోతాంది. నొప్పని ఇప్పుడైనా ఒప్పుకోండి."

"అది నొప్పి కాదు తవుడూ. వినమ్రత," అన్నారు సదాశివరావు గారు. "నీ రక్తంలో నొప్పికి కారణం లేదు. కారణం లేనిది కార్యం ఎలా అవుతుంది? పైగా, సదరు ఎడమ మోకాలు ఇప్పుడు దేవస్థానం కైంకర్యంలో భాగం. దానికి ఎటువంటి చికిత్సా చేయించరాదు. వావిలాకు కడుతున్నట్టు మా దృష్టికి వచ్చింది. తక్షణం ఆపవలెను."

"మరెన్నాళ్ళు బాబూ ఇలగ?"

"ప్రత్యామ్నాయం సిద్ధమవుతోంది. మధ్యమ రక్తం నుంచి ఆరుగురు కుర్రాళ్ళను తీసుకుని, ఇసక బస్తాలు భుజాన పెట్టి, రోజూ మెట్ల దారిన ఎక్కించి దించుతాం. ఆరేడేళ్ళలో వాళ్ళ మోకాళ్ళు తయారవుతాయి."

"అయితే బరువు మోత్తే మోకాళ్ళు పోతాయన్న మాటే కదా బాబూ?"

"పోవడం కాదు," అన్నారు సదాశివరావు గారు నొచ్చుకుని. "పక్వానికి రావడం."

ఇంటికి వచ్చి తవుడు గోడకి చేరబడి ఏడ్చాడు. సిగ్గుపడకుండా ఏడ్చాడు. ఇంకో ఆరేళ్ళు మోస్తే ఆ మోకాలు ఉండదు, దానితోపాటు తనూ ఉంటాడో లేదో. పోలమ్మ కట్టబోయిన వావిలాకు చేతిలోనే పట్టుకుని అంతా విన్నది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఇక్కడ పూజారి కూడా చేతులు జోడించాడు, అడ్డం వచ్చింది ఆఫీసు.

"ఏటయ్యా, నాకొకటి సెప్పు," అంది చివరికి. "ఆపీసోలికిప్పుడు కావాల్సింది నీ బుజమా, నీ కాలు మడతడ్డమా?"

"మడతడ్డమే."

"మరైతే మడతడకు."

"నా సేతిలో ఉందేటే అది!"

"ఒక్క పాలి. పాణాలు బిగబట్టుకుని ఆ మలుపు దాటీసి గుడి కాడికి నిటారుగా ఎల్లిపో. కాలు బాగున్నోడు ఆలికెందుకు పనికొత్తాడు? తన్ని తగిలేత్తారు."

తవుడు పెళ్ళాం ముఖంలోకి చూశాడు. ఇన్నాళ్ళూ ఆఫీసుతో మాట్లాడింది తను కాకుండా ఇది అయ్యుంటే బాగుండేదనిపించింది.

మర్నాటి సాయంత్రం వినమ్ర దర్శనానికి పట్నం నుంచి పెద్దమనుషులు కూడా వచ్చారు. ముందు వరసలో కుర్చీలు, వాళ్ళ చేతుల్లో ఫోన్లు. పల్లకీ వెనక్కి వెనక్కి నడుస్తూ మలుపులోకి వచ్చింది. తవుడికి చెవుల్లో హోరు తప్ప ఏమీ వినిపించడం లేదు. మోకాలి లోపల ఎవరో మేకులు దిగ్గొడుతున్నట్టుంది. పెదవి కొరుక్కుంటే నోట్లోకి ఉప్పగా వచ్చింది. ఒక్క అడుగు వేశాడు, కాలు నిలిచింది. ఇంకోటి వేశాడు. సన్నాయి వాళ్ళు అలవాటు చొప్పున వంగే చోట ఊదే ఊపు ఊది, స్వామి వంగకపోయేసరికి మళ్ళీ ఊదారు. తవుడు నిటారుగా నడిచాడు. మలుపు దాటింది, దుకాణాలు దాటాయి, గోపురం వచ్చింది. స్వామి ఎవరికీ తల వంచకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

వెనక టికెట్లు కొన్నవాళ్ళు గోల మొదలుపెట్టారు. పల్లకీ దించీ దించగానే తవుడు ధ్వజస్తంభం దగ్గర కూలబడి, ముఖానికి కండువా అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మోకాలిని ముట్టుకోవడానికి కూడా భయమేసింది.

"సేవ చేజారిపోయిందని కుమిలిపోతున్నాడు," అన్నారు సదాశివరావు గారు పక్కవాళ్ళతో. ఆయన కళ్ళు కూడా చెమర్చాయి. అయినా కర్తవ్యం కర్తవ్యమే కనక తెల్లారేసరికి ఉత్తర్వు తయారు చేయించారు. ఎడమ మోకాలు సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నట్టు బహిరంగంగా రుజువైనందున శ్రీ తవుడు పల్లకీ సేవకు అనర్హుడనీ, ఇకపై చెప్పుల స్టాండులో కూర్చుని పనిచేయాలనీ అందులో ఉంది. రక్తపరీక్ష మొదటే చెప్పిన సంగతి ఇప్పుడు ప్రజల సమక్షంలో నిజమైందని కింద ఇంకో వాక్యం కూడా కలిపారు.

మరి ఎడమ దండె కిందకి ఎవరు? ఆలోచించడానికి ఆఫీసుకి ఒక్క పూట చాలింది. వినమ్ర సేవకు కావాల్సింది వంగే మోకాలు. వంగుతుందని రక్తం హామీ ఇచ్చిన మోకాలు అధమ రక్తంలో ప్రథముడిది. కొత్తగా తయారు చేసుకునే పని కూడా లేదు. దాలయ్యను పిలిపించి పట్టీలు ఊడదీసి పల్లకీ దగ్గరకి పంపారు. వాడు ఎగిరి గంతేశాడు.

దాలయ్య వచ్చి నెల దాటింది. మోకాలు వంగలేదు. మలుపు దగ్గర జనం పలచబడ్డారు, సన్నాయి వాళ్ళు మాత్రం ఇంకా ఊదుతూనే ఉన్నారు. సదాశివరావు గారికి బెంగ లేదు. అధమ రక్తం అబద్ధమాడదు, కాస్త ఓపిక పట్టాలి అంటున్నారు. పల్లకీ బరువు ఏమీ తగ్గించలేదు, వెనక్కి నడవడమూ మానిపించలేదు.

ఇప్పుడు తవుడి మోకాలికి పోలమ్మ రోజూ దర్జాగా కట్టు కడుతోంది. వాపు కొంచెం తీసింది. రోజంతా కుర్చీలో కూర్చుని చెప్పులు అందుకుంటూ, ఇస్తూ, పల్లకీ వచ్చే వేళకి మాత్రం పని ఆపేస్తాడు. చెప్పుల కోసం జనం కేకలేసినా పట్టించుకోడు. మెడ సాచి, స్వామిని కాదు, స్వామి కింద దాలయ్య ఎడమ మోకాలిని చూస్తాడు. నిన్న అది కొంచెం వణికింది.